తాబేలు బొమ్మ వేయాలంటే



కిందటిసారి స్కాలర్‌షిప్‌లు పంచిన రోజున ఒక తండ్రిగారు నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, మా పాప ఎప్పుడూ బొమ్మలే వేస్తూంటుంది. ఈ డ్రాయింగు సైన్సుకు ఏమైనా పనికొస్తుందంటారా?" అని అడిగారు. ఆ హడావుడిలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. బరంపురంలో ఆదివారాలు మన పిల్లలకు బొమ్మల క్లాసు తీసుకుంటున్నవాణ్ణి కనుక ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ముందు నేను చేసిన తప్పు చెప్పుకోవాలి.

పర్యావరణాన్ని బళ్లలో తప్పనిసరి పాఠంగా చెప్పాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాఠం వచ్చింది, దాని వెనకే ప్రాజెక్టు వచ్చింది. ప్రాజెక్టు సంగతి మీకు తెలిసిందే. రాత్రి తొమ్మిదింటికి పిల్లవాడికి గుర్తొస్తుంది, నాన్న షాపుకు పరిగెత్తుతాడు, అమ్మ కత్తిరించి అతికిస్తుంది. నేనూ ఆ తోవలోనే నడిచాను. కొన్నేళ్ల కిందట ఒక పోటీకి పిల్లలచేత థర్మోకోల్‌తో ఆరడుగుల తాబేలు చేయించి, "సముద్రాన్ని కాపాడండి" అని దాని వీపున బోర్డు పెట్టించాను. మొదటి బహుమతి వచ్చింది. నెల తిరిగాక చూస్తే ఆ తాబేలు పెరట్లో వానకు విరిగిపోయి, తెల్లటి పూసలై మురుక్కాలవలోకి కొట్టుకుపోతోంది. ఆ కాలవ ఎటు పోతుందో వేరే చెప్పాలా? పిల్లలెవరూ నన్ను ఏమీ అనలేదు. ఒక పాప మాత్రం కూచుని పూసలు ఏరడం మొదలుపెట్టింది. ఎంతసేపు ఏరినా గుప్పెడు కాలేదు. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. నాకు మాత్రం బుద్ధి ఆ పాపవల్లే వచ్చింది.

అందుకని మొదటినుంచి మొదలుపెట్టాం. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు మాకు దగ్గరే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపులుగా అక్కడి ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయని లెక్క కట్టారు. అంత దగ్గరగా ఉన్నా, "తాబేలు వేయండి" అంటే మా క్లాసులో అందరూ చెరువు తాబేలే వేశారు. నాలుగు పొట్టి కాళ్లు, గోళ్లు, మొహాన చిరునవ్వు. కథల పుస్తకంలో కుందేలుతో పందెం వేసింది అదే మరి!

అప్పుడు కాగితాలు పక్కన పెట్టించి, బియ్యప్పిండి తెప్పించాను. మన ఆడవాళ్లకు చుక్కల తాబేలు ముగ్గు కొత్త కాదు. దాన్నే సముద్రపు తాబేలుగా, అసలు కొలతలో వేయమన్నాను. పెద్ద తాబేలు డిప్ప 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు కాళ్లు తెడ్ల మాదిరిగా ఉండాలి, వెనక కాళ్లు ఇసుక తవ్వడానికి పనికొచ్చేలా ఉండాలి. ఇక డిప్ప మీది పలకలు. చాలా సముద్రపు తాబేళ్లకు నడుమ వరుసకు అటూ ఇటూ నాలుగైదు జతలే ఉంటాయి. మన తీరానికి వచ్చే వీటికి ఆరు, ఏడు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. కుడివైపు లెక్క ఎడమవైపుకు కలవకపోవచ్చు కూడా. ముగ్గంటే రెండు పక్కలా ఒకేలా ఉండాలని నేర్చుకున్న అమ్మాయిలకు ఇది అసలు మింగుడుపడలేదు. ఫొటోలు తెచ్చి మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు. ఆ తండ్రిగారికి నా జవాబు ఇదే. చదివేటప్పుడు తెలియకపోయినా సాగిపోతుంది, గీసేటప్పుడు సాగదు. పలకలెన్నో తెలియకపోతే చెయ్యి అక్కడే ఆగిపోతుంది. సాయంత్రానికి ముగ్గు చీమల పాలైంది. ఊడ్చి పారేయాల్సిన చెత్తంటూ ఏమీ మిగలలేదు.

తర్వాతి వారం మట్టి. ఒక తల్లి తాబేలు ఒక గూటిలో సుమారు 100 గుడ్లు పెడుతుంది. పది మంది పిల్లలను కూచోబెట్టి తలా 100 ఉండలు చేయమన్నాను. నలభై దాటేసరికి వేళ్లు నొప్పులన్నారు. మొత్తం 1000 అయ్యాక అందులోంచి ఒక్కటి తీసి కిటికీలో పెట్టి, మిగిలినవన్నీ తిరిగి నీళ్ల బకెట్లో వేయించాను. వెయ్యి పిల్లల్లో పెరిగి పెద్దయ్యేది ఏ ఒక్కటో అని పెద్దలు వేసే అంచనా. "నేను చేసినవి ఒక్కటీ మిగల్లేదా మాస్టారూ?" అని ఒక చిన్నవాడు ఏడుపు మొహం పెట్టాడు. ఆ మట్టే మళ్లీ వినాయక చవితికి పనికొచ్చింది.

రాత్రి బొమ్మకు దీపపు మసి వాడాం. గుడ్లలోంచి ఒకటిన్నర, రెండు నెలలకు బయటికొచ్చే పిల్లలు ఎక్కువ వెలుతురున్న వైపుకే పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. రోడ్డు దీపాలుంటే అవి ఊరివైపు పోయి చచ్చిపోతాయి. కాగితమంతా మసి పూసి, సముద్రాన్ని మాత్రం కాస్త తెల్లగా వదిలి, తర్వాత ఊరివైపు పసుపుతో ఒక్క దీపం పెట్టమన్నాను. చూపు దానిమీదికే పోయింది. ఇక చెప్పాల్సిందేమీ లేకపోయింది.

రంగుల గురించి తల్లిదండ్రులకు ఒక మాట. ఒరిస్సా పటచిత్రాల రంగులు సహజమైనవని విని కొందరు పిల్లలకు అవే కొనిపెడతామంటున్నారు. శంఖపు తెలుపు, దీపపు మసి సరే. ఆ ఎరుపు ఇంగిలీకం, అందులో పాదరసం ఉంటుంది. పసుపుపచ్చ హరిదళం, అందులో ఆర్సెనిక్ ఉంటుంది. భూమిలో దొరికినదల్లా పిల్లల చేతికి ఇవ్వదగింది కాదు. మనకు వంటింటి పసుపు, జేగురు చాలు.

యానాంలోని పిల్లలు గౌతమి ఒడ్డున మడ చెట్ల వేళ్లు వేయవచ్చు. కొన్ని బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి, కొన్ని ఊతకర్రల్లా కిందికి దిగుతాయి. షోలాపూరు వాళ్లకు దగ్గరలో నాన్నజ్ పచ్చికబయళ్లున్నాయి, బట్టమేక పిట్ట కోసం కేటాయించిన చోటు. ఏది వేసినా ముందు వెళ్లి చూడాలి. తాబేళ్ల దగ్గరికైతే అటవీశాఖ వారి అనుమతితోనే వెళ్లాలి. టార్చిలైట్లు వేయకూడదు, పిల్లలను చేత్తో తాకకూడదు.

ఇక ఒక అబ్బాయి సంగతి. తీరంలోని మన తెలుగు జాలరి కుటుంబం వాడు. అందరూ తాబేళ్లు వేస్తుంటే వాడు ఇసుకలో ఖాళీగా నిలిపిన పడవ వేశాడు. తాబేలేదిరా అని అడిగాను. "తాబేళ్లొచ్చే నెలల్లో మా అయ్య పడవ ఇలాగే ఉంటాది మాస్టారూ" అన్నాడు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా యంత్రాల పడవలతో వేట నిషేధం. ఊపిరి కోసం పైకి రావలసిన తాబేలు వలలో చిక్కితే మునిగి చస్తుంది, కాబట్టి ఆ నిషేధం అవసరమే. ఆ ఏడు నెలలు ఆ ఇంట్లో ఎలా గడుస్తుందో నా పాఠంలో ఎక్కడా లేదు. "నీ బొమ్మ తప్పు" అని ఎలా అనను?

చివరి ఆదివారం గోడకు తాబేళ్ల నడుమ ఆ పడవను పెట్టాం. వాళ్ల నాన్న వచ్చి చాలాసేపు చూశాడు. "తాడు ఇటుపక్క కట్టావేంటిరా? మనం ఇలా కట్టం కదా" అన్నాడు. వాడు బొమ్మను గోడనుంచి దింపి, రబ్బరు తీసుకుని అక్కడే కింద కూచున్నాడు.