లూపస్, స్క్లెరోడెర్మా పరిశోధనలో కెరీర్

చర్మం, కీళ్లు, రక్తనాళాలు, లోపలి అవయవాలు వేటికవి విడిపోకుండా పట్టి ఉంచేది సంయోజక కణజాలం. రోగనిరోధక వ్యవస్థ దారితప్పి సొంత ఒంటి మీదకే తిరగబడినప్పుడు ఈ కణజాలం దెబ్బతిని వచ్చే జబ్బుల్లో లూపస్, స్క్లెరోడెర్మా, షోగ్రెన్ సిండ్రోమ్, డెర్మటోమయోసైటిస్ ముఖ్యమైనవి. లూపస్ వచ్చినవారిలో పదింట తొమ్మిది వంతుల దాకా మహిళలే. ముఖం మీద ఎర్రటి దద్దుర్లు, కీళ్ల నొప్పులు, చలికి వేళ్లు పాలిపోవడం లాంటి లక్షణాలతో రోగి డాక్టరు దగ్గరికి వస్తుంది. ప్రాణం మీదకు తెచ్చేవి మాత్రం చాలాసార్లు పైకి కనిపించనివే. లూపస్‌లో కిడ్నీలు పాడవుతాయి. స్క్లెరోడెర్మాలో ఊపిరితిత్తులు గట్టిపడతాయి, వాటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఇలాంటి కాంప్లికేషన్లను ముందే పసిగట్టడం, ఆపడం ఈ రంగంలో పరిశోధనకు కేంద్రం.

ల్యాబ్ వైపు కథ 1948లో మొదలైంది. ఆ ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం లూపస్ రోగుల ఎముక మజ్జలో ఒక వింత కణాన్ని గుర్తించింది. దాన్ని ఎల్ఈ కణం అన్నారు. అది ఏర్పడటానికి కారణం కణ కేంద్రకాన్నే లక్ష్యం చేసుకునే యాంటీబాడీలని తర్వాత తేలింది. నేడు యాంటీ-న్యూక్లియర్ యాంటీబాడీ (ఏఎన్ఏ) పరీక్షలో వెతికేది వీటినే. రోగి సీరమ్ వేసిన హెప్-2 కణాల స్లైడును ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద పెట్టి, మెరుపు ఏ తీరులో ఉందో, సీరమ్‌ను ఎంత పలచన చేసేదాకా నిలిచిందో చదవాలి. ఏ యాంటీబాడీ ఉందన్నదాన్ని బట్టి ఏ అవయవానికి ముప్పో చాలావరకు అంచనా కట్టవచ్చు. స్క్లెరోడెర్మాలో ఎస్‌సీఎల్-70 కనిపిస్తే ఊపిరితిత్తుల మీద కన్నేసి ఉంచాలి. డెర్మటోమయోసైటిస్‌లో ఎండీఏ-5 ఉంటే ఊపిరితిత్తులు వారాల వ్యవధిలోనే దెబ్బతినవచ్చు. గర్భిణిలో యాంటీ-ఆర్ఓ ఉంటే కడుపులోని బిడ్డ గుండె లయను గమనిస్తూ ఉండాలి. బీఎస్సీ ఎంఎల్‌టీ, ఎంఎస్సీ మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవారికి ఇమ్యునాలజీ ల్యాబ్‌లో దొరికే పని ఇదే. యంత్రాలు వచ్చినా, సందేహాస్పదమైన స్లైడు దగ్గర అనుభవజ్ఞుల కన్ను తప్పనిసరి.

ఒక్క కాంప్లికేషన్ మీద పట్టు దొరికినా రోగి తలరాత మారుతుంది. స్క్లెరోడెర్మాలో కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినే రీనల్ క్రైసిస్ ఒకప్పుడు దాదాపు మరణశాసనం. క్యాప్టోప్రిల్ తరగతి బీపీ మందులు వచ్చాక, 1990లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, ఏడాది దాటి బతికినవారు 15 శాతం నుంచి 76 శాతానికి పెరిగారు. అన్ని విజయాలూ ఇంత నాటకీయంగా ఉండవు. స్క్లెరోడెర్మాలో ఊపిరితిత్తులు గట్టిపడినవారి మీద జరిగి 2019లో వెలువడిన నింటెడనిబ్ మందు ట్రయల్‌లో 576 మంది పాల్గొన్నారు. డమ్మీ మందు తీసుకున్నవారి ఊపిరితిత్తుల సామర్థ్యం ఏడాదికి సుమారు 93 మిల్లీలీటర్లు తగ్గితే, మందు వాడినవారిలో 52 తగ్గింది. గట్టిపడిన చర్మంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

కొలత ఎంత చిక్కో రిటుక్సిమాబ్ అనే మందు కథ చెబుతుంది. లూపస్‌లో ఈ మందు మీద జరిగిన రెండు పెద్ద ట్రయల్స్ లక్ష్యాన్ని అందుకోలేదు. అయినా మొండికేసిన లూపస్‌కు డాక్టర్లు దాన్ని వాడుతూనే ఉన్నారు. మందు పనిచేయలేదా, ఎంచుకున్న కొలమానం సరిపోలేదా అన్న చర్చ నేటికీ తెగలేదు. అందుకే ఈ రంగానికి బయోస్టాటిస్టిక్స్ తెలిసినవారు డాక్టర్లంత అవసరం. రోగులు తక్కువ, జబ్బు ఒక్కొక్కరిలో ఒక్కో తీరు. ఇలాంటి చోట అధ్యయనాన్ని సరిగా రూపొందించడమే సగం పని. గణితం మీద మక్కువ ఉండి జీవశాస్త్రం వైపు చూడని విద్యార్థులు ఈ దారిని ఎందుకో పట్టించుకోరు.

వైద్యుల దారి స్పష్టమైనదే, కాకపోతే పొడవైనది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ జనరల్ మెడిసిన్ లేదా పీడియాట్రిక్స్ మూడేళ్లు, ఆపై నీట్-ఎస్ఎస్ వంటి ప్రవేశ పరీక్ష ద్వారా ఈ జబ్బులను చూసే రుమటాలజీలో డీఎం మరో మూడేళ్లు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. లక్నోలోని ఎస్‌జీపీజీఐ, వెల్లూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్‌మర్ క్లినికల్ ఇమ్యునాలజీ, రుమటాలజీలలో పేరున్నవి. డీఎంలో ఉండగానే రోగుల రిజిస్ట్రీ నిర్వహణలో చెయ్యి పెట్టినవారికి తర్వాత పరిశోధనలోకి వెళ్లడం తేలిక.

ఎంఎస్సీ తర్వాత పీహెచ్‌డీ చేయదలచినవారికి సీఎస్ఐఆర్-నెట్, డీబీటీ, ఐసీఎంఆర్ ఫెలోషిప్‌లు ప్రధాన ద్వారాలు. 2023 నుంచి జూనియర్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) నెలకు రూ. 37,000, సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) రూ. 42,000, ఇంటద్దె భత్యం అదనం. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మన దగ్గరే ఉన్నాయి. ఢిల్లీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ ఉంది. సంస్థ పేరు కన్నా గైడ్ ప్రచురించిన పత్రాలు చూడటం ముఖ్యం. లూపస్ మీదే పనిచేసే ల్యాబ్ దొరకకపోయినా, బి-కణాలు, ఇంటర్‌ఫెరాన్లు, కణజాలం గట్టిపడే ఫైబ్రోసిస్ మీద పని నేర్చుకుంటే చాలు.

ఆరేళ్ల ఫార్మ్‌డీ చదివినవారు, లైఫ్ సైన్సెస్ పట్టభద్రులు క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్లుగా లేదా మందుల భద్రతను గమనించే ఫార్మకోవిజిలెన్స్‌లో చేరవచ్చు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారిలో క్షయ తిరగబెట్టే ప్రమాదం మన దేశంలో ఎక్కువ కాబట్టి, భద్రతా సమాచారం నమోదు చేసేవారి బాధ్యత ఇక్కడ చిన్నది కాదు.

కొత్తగా తెరుచుకుంటున్నది కణ చికిత్స. 2022లో ప్రచురితమైన అధ్యయనంలో జర్మనీలోని ఎర్లాంగెన్ బృందం ఐదుగురు లూపస్ రోగులకు కార్-టీ కణాలు (ల్యాబ్‌లో మార్చిన రోగి సొంత రోగనిరోధక కణాలు) ఎక్కించింది. మూడు నెలలకు ఐదుగురిలోనూ జబ్బు అదుపులోకి వచ్చింది. రోగుల సంఖ్య మరీ చిన్నది కాబట్టి పెద్ద ట్రయల్స్ అవసరం. రక్త క్యాన్సర్ కోసం భారత్‌లో తయారైన కార్-టీ చికిత్సకు 2023లో అనుమతి లభించింది కాబట్టి కణాలను పెంచే నైపుణ్యం దేశంలోనే ఉంది. సెల్ కల్చర్, ఫ్లో సైటోమెట్రీ చేతితో చేసి నేర్చుకున్న అభ్యర్థికి ఇలాంటి ప్రాజెక్టుల్లో ఇంటర్వ్యూ పిలుపు త్వరగా వస్తుంది.