పాత విలాయతి రైఫిలు కొనదలచిన రైతులు పరీక్షింపవలసిన సంగతులు

కదిరి ప్రాంతమున వేరుసెనగ కాయ ఊరు దినములలో అడవిపందుల మంద యొక రాత్రి చేనిలో పడినచో, తెల్లవారుసరికి నాగలితో దున్నినట్లు మట్టి తిరుగబడియుండును. గుట్టల ప్రక్క భూములుగల రైతు ఇట్టి నష్టము పొందిన పిదప తుపాకి సంపాదింపవలెనని తలంచుట సహజము. అప్పుడెవరో వచ్చి, ఫలానావారింట తాతలనాటి విలాయతి రైఫిలు అమ్మకమునకు కలదని చెప్పుదురు. అది అడిగిన వెల చేయునా, లేక వట్టి పాత యినుమా యని తెలిసికొను విధము ఈ పత్రమున వ్రాయబడుచున్నది.

వస్తువును చూడబోవుటకు ముందు చట్టము నెరుగవలెను. 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము 13వ సెక్షనులో పంట కాపుదలకు మూతినుండి మందు దట్టించు తుపాకియు, అది చాలదని అధికారికి తోచినచో లోపల నున్ననైన గొట్టముగల వేరొక తుపాకియు చెప్పబడినవి. రైఫిలు ఆ లెక్కలో చేరదు. దానికి లైసెన్సు కోరువాడు తగిన కారణమును వేరుగా చూపవలెను. లైసెన్సు చేతికి రాకమునుపు బయానా ఇచ్చుట బుద్ధిమంతుల పని కాదు. మరియు 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిపంది రక్షితజంతువు; 2022 సవరణచే రెండవ షెడ్యూలులో చేర్చబడినది. పంట పాడుచేయు పందిని చంపుటకైనను ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిగాని, ఆయనచే అధికారము పొందినవారుగాని వ్రాతమూలకముగా ఉత్తరువు ఇచ్చియుండవలెను. ఇంకొక సంగతి కూడ మరువరాదు. రైఫిలు గుండు గురి తప్పినచో మైలునకు పైగా పోవును. మన చేలలో ఎరువుకొరకు గొఱ్ఱెల మందను నిలిపి, కాపరి అచ్చటనే పండుకొనుట వాడుక. కావున పందుల బాధ యొక్కటే కారణమైనచో జంటగొట్టముల తుపాకియే మేలని మా యభిప్రాయము.

ఇది యంతయు విన్నపిదపను రైఫిలే కావలెనను వారు మొట్టమొదట తుపాకిని గాక తోటాను గూర్చి విచారింపవలెను. 1980ల నడుమనుండి సామాన్యులు విదేశములనుండి తుపాకులు తెప్పించుకొనుట నిలిచిపోయినందున, పాత విలాయతి సరకునకు లేనిపోని గిరాకి యేర్పడినది. జనులు పేరుకు వెల నిచ్చుచున్నారు. జిమ్ కార్బెటు దొరకు 1907లో చంపావతి పులిని చంపినందుకు 275 బోరు రిగ్బీ రైఫిలు బహుమానముగా నియ్యబడెను. అట్టి కథలు వినుటకు ఇంపుగానే యుండును గాని, ఆ బోరు తోటాలు మన పట్టణములలో దొరకవు. ఈ దేశపు ప్రభుత్వ కర్మాగారములలో తయారగు తోటాలలో 315 బోరువి సులభముగా దొరకును. 303 బోరు సైనికులది, సామాన్యులకు నిషిద్ధము. మా బంధువొకరు నగిషీ చెక్కిన యొక పెద్దబోరు రైఫిలును మంచి వెలకు కొని, దానితోకూడ వచ్చిన పదునొకండు తోటాలు అయిపోయిన పిమ్మట మరల నొక్కటియు సంపాదింపలేకపోయిరి.

గొట్టముపై చెక్కిన యక్షరములను భూతద్దముతో చదువవలెను. "8 మిల్లీమీటర్లు" అని యున్నంతమాత్రమున తృప్తిపడరాదు. 315 బోరును 8 మిల్లీమీటర్లే. జర్మనీ మౌజరును 8 మిల్లీమీటర్లే. తోటాలు మాత్రము వేరు. ఆ మౌజరులలోనే 1905కు ముందటి కొలతకు గుండు వ్యాసము 0.318 అంగుళము, తరువాతి కొలతకు 0.323 అంగుళము. సన్నని గొట్టమున లావు గుండు పేల్చినచో లోపలి ఒత్తిడి మితిమీరి పెరుగును. కాల్చువాని ముఖము బోల్టునకు జానెడు దూరమున నుండునని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక గొట్టము. రైఫిలు వెలలో ముప్పాతిక భాగము దీని లోపలనే కలదు. తోటాలు లేవని నిశ్చయించుకొని, బోల్టు ఊడదీసి, నూనెగుడ్డతో కాక పొడిగుడ్డతో గొట్టమును తుడువుమని అమ్మువానిని కోరవలెను. నూనె పూసిన గొట్టము ఎల్లప్పుడును మెరయును. గుంతలు దానిక్రింద దాగియుండును. మూతివద్ద తెల్లకాగితము పట్టి, వెలుతురువైపు త్రిప్పి, వెనుకనుండి చూడవలెను. మెలిదిరిగిన గాడుల అంచులు మొదటినుండి తుదివరకు పదునుగా నుండవలెను. తోటా గదికి ముందు నాలుగైదు అంగుళములు అరిగి బూడిదరంగుగా నున్నచో పెక్కు గుండ్లు కాల్చినదని యర్థము. గాడులలో నల్లని చుక్కలుండుట తుప్పు తిన్న గుర్తు. పూర్వపు తోటాల టోపీలలో క్లోరేటు మందు వాడుచుండిరి. అది కాలినపిదప మిగులు ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి ఉక్కును తినివేయును. నూనె ఈ యుప్పును కరిగింపదు, వేడినీళ్ళే కరిగించును. వేటనుండి వచ్చి నీళ్ళతో కడుగక నూనె మాత్రము పూసిన యజమానుల తుపాకులన్నియు ఇట్లే చెడినవి. చుక్కలు కొద్దిగా నున్నను తుపాకి గురి తప్పదు. వెల మాత్రము తగ్గింపవలెను. గాడులు కానరాకుండ తిన్నచో విడిచిపెట్టవలెను.

మూతి యరుగుదలకు సులభమైన పరీక్ష యొకటి కలదు. బోల్టు తీసియుండగనే, ఆ బోరు తోటాను గుండు క్రిందుగా మూతిలో ఉంచవలెను. గుండు కొంత దిగి ఆగవలెను. ఇత్తడి అంచు మూతికి తగులునంత దిగినచో మూతి యరిగినదే. ఇనుప కడ్డీతో ముందునుండి తుడుచుటవలన ఈ లోపము కలుగును.

బోల్టుమీది యంకెయు, తుపాకి యొడలిమీది యంకెయు ఒకటిగా నున్నవేమో చూడవలెను. వేరొక తుపాకి బోల్టును తగిలించినచో తోటా వెనుక సందు పెరుగవచ్చును. దీనికి సాక్ష్యము కాల్చిన తోటా యొట్టియే. అడుగునకు అరవ్రేలెడు పైన మెరయు వలయముగాని, చీలికగాని, పైకి పొడుచుకొనివచ్చిన టోపీగాని కనబడినచో, కొలమానముతో పరీక్షించు పనివాడు చూచువరకు దానిని పేల్చరాదు. ఖాళీతుపాకి బోల్టు బిగించి, మీటను నొక్కక, మడమను నేలకు రెండుమూడుసార్లు గట్టిగా తాటించవలెను. సూది తనంతట జారినచో అట్టి తుపాకి యింట నుండదగదు.

కొయ్యలో పగుళ్ళు బోల్టు వెనుక సన్నని భాగమున చూడవలెను. మన యెండలకు విలాయతి కొయ్య ముడుచుకొని మరలు వదులగును, అవి బిగింపవచ్చును. క్రొత్త మెరుగును జూచి మోసపోవలదు.

అన్నియు సరిపోయినచో, అనుమతిగల స్థలమున నూరు గజముల దూరమున నైదు గుండ్లు కాల్చి చూపుమనవలెను. అవి యరచేతి వెడల్పున పడినచో రైఫిలు కొనదగినది. బేరము కుదిరినపిదప అమ్మువాడు కొనువాని పేరు, చిరునామా తెలుపుచు జిల్లా మేజిస్ట్రేటునకుగాని, దగ్గరి పోలీసు ఠాణాకుగాని వ్రాతమూలముగా తెలియజేయవలెను. అటుపిమ్మట 45 దినములు గడువక తుపాకి చేతులు మారరాదు. ఆ గడువులోపల రొక్కము పూర్తిగా చెల్లింపక, అంకె వ్రాసిన రసీదు మాత్రము పుచ్చుకొనవలెను.