ఆకాశము నుండి మన తీరరేఖ

హిమాలయములలో గంగోత్రి మంచునది ఎంత వెనుకకు తగ్గినదో శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రములనుబట్టి కొలుచుచున్నారు. మన కృష్ణకు మంచుకొండలు లేవు. మహాబలేశ్వరమున పుట్టి వాననీటితో వచ్చు నది యిది. అయినను ఆ కొలత పద్ధతియే కృష్ణా డెల్టా తీరమునకును పనికివచ్చుచున్నది.

ఒకే చోటును వేర్వేరు సంవత్సరములలో తీసిన చిత్రములను ఒకదానిపై నొకటి పరచి చూతురు. కంటికి అందని పరారుణ కాంతిని చేర్చి కూర్చిన చిత్రములలో సముద్రపు నీరు నల్లగాను, పైరులు, మడ అడవులు ఎర్రగాను కనబడును. నలుపు మొదలైన చోటే తీరరేఖ. 1988లో మన దేశపు ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము ఎగిరిన నాటినుండి ఇట్టి చిత్రములు మనకు స్వంతముగా లభించుచున్నవి. అయితే పోటువేళ చిత్రమును ఆటువేళ చిత్రముతో పోల్చరాదు. పల్లపు తీరమున ఆ భేదమే కోతవలె కనబడి మోసగించును. మన జాలరులకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు!

కృష్ణ సాగరసంగమమువద్ద కొన్ని చోట్ల సముద్రము నేలను కోయుచున్నట్లు చిత్రములు తెలిపినవి. కారణము ఎగువనున్నది. శ్రీశైలము, నాగార్జునసాగర్ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుచున్నది. కాలువలకు నీరు అందినది గాని తీరమునకు మునుపటి మట్టి అందుటలేదు.

నాగాయలంక, కోడూరు ప్రాంతముల పంచాయతీలు రోడ్డుకో, తుపాను ఆశ్రయమునకో స్థలము తీర్మానించుటకు ముందే ఆ చోటి పాత, క్రొత్త చిత్రములను గ్రామపటముతో కలిపి చూడవలెనని మా అభిప్రాయము. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారి భువన్ వెబ్‌సైటులో ఉపగ్రహ చిత్రములను ఎవరైనను చూడవచ్చును.