ఎఱ్ఱ గొంగళిపురుగు: తొలకరిలో కనిపెట్టవలసిన గుర్తులు

చల్కనేలలలో ఆముదము, వేరుసెనగ, పెసర మొదలగు వర్షాధారపు పైరులు వేయు తెలంగాణపు రైతులకు ఎఱ్ఱ గొంగళిపురుగును క్రొత్తగా పరిచయము చేయ బనిలేదు. మొలక నాలుగాకులు వేయునప్పటికి దండుగా వచ్చి, చేను మోడుచేసి, గట్టు దాటి పొరుగుచేనికి బోవును. మరల విత్తవలసినదే. విత్తనమును పోవును, అదనును పోవును. పురుగు బలిసి కంటబడిన పిమ్మట చేయు పాటు చాలవఱకు వృథా. కావున అది వెలువడు వేళను ముందుగా కనిపెట్టవలెను.

ఏడాదిలో ఎక్కువ కాలము ఈ పురుగు మంటిలోనే యుండును. మేత ముగిసిన పురుగు గట్ల యొద్దను చెట్లనీడలను జేరి, జానెడు లోతున గూడుకట్టుకొని నిద్రించును. వేసవిదుక్కి దున్నునపుడు నాగలివెంట గోరువంకలు, కొంగలు, ఏట్రింతలు చాలులో ఏరుకొని తినుట చూచుచునే యున్నారు. వానిని అదలింపకుడు. అవి విడువక వాలు తావున మఱియొక మాఱు దున్నుట మేలు. నాగలి పోని చెట్లమొదళ్లలో పారతో త్రవ్వి గూళ్లను ఏరవలెను.

మృగశిర ప్రవేశించిననాడే పురుగు పుట్టునని పలువురి తలంపు. పురుగునకు కార్తె తెలియదు, తడి తెలియును. నేల లోతుగా దడిసిన వాన రోహిణిలో బడిన రోహిణిలోనే, ఆరుద్రవఱకు జాగైన ఆరుద్రలోనే, వాన వెలిసిన ఒకటి రెండు దినములకు రెక్కలపురుగులు బయలుదేరును. ముందురెక్కలు గోధుమవన్నెవి, వానిపై తెల్లచారలు, అంచున పసుపుచార. వెనుకరెక్కలు తెల్లనివి, నల్లమచ్చలు గలవి. ఆ సాయంకాలము మొదలు కొన్ని రాత్రులు గట్లపై మంటలు వేయవలెను. లేదా పెట్రోమాక్సు గాని విద్యుద్దీపము గాని వ్రేలగట్టి, క్రింద కిరసనాయిలు కలిపిన నీళ్లపళ్లెము నుంచవలెను. ఒక్కరు చేసిన చాలదు, ఊరివారందఱు ఒకే రాత్రి చేయవలెను. ఒక్క ఆడుపురుగు వందలకొలది గ్రుడ్లు పెట్టునని మఱువరాదు.

ఈ దినములలోనే మఖమలువంటి ఆరుద్రపురుగులు నేలపై దిరుగును. ఎఱుపును జూచి వానిని చంపరాదు. అవి పైరు ముట్టవు. చిన్నపురుగులను, వాని గ్రుడ్లను దినును. తొలకరిలో అఱచు చాతకపక్షియు మన మిత్రమే. తక్కిన పిట్టలు చాలవఱకు రోమములకు వెఱచి విడిచిన గొంగళులను ఇది మ్రింగును.

గ్రుడ్లు ఆకు అడుగున గుంపులుగా నుండును. మూడు నాలుగు దినములకు పగులును. పిల్లపురుగులు కొలదిదినములు ఒక్క ఆకుననే కూడియుండి పచ్చదనమును గీకుటచే ఆకు జల్లెడవలె దోచును. దీనికన్న మంచి గుర్తు లేదు. ప్రతి ఉదయము చేను దిరిగి అట్టి యాకులను త్రుంచి కాల్చవలెను. ఈ పని ఆడువారును పిల్లలును చేయగలరు.

ఈ అదను దప్పి పురుగులు చెదరిన యెడల, పొరుగుచేనివైపున అడుగులోతు కందకము నిట్టనిలువు గోడలతో త్రవ్వి, అందు జిల్లేడుకొమ్మలు పఱచిన, పురుగు వానిపై గూడును. అప్పుడు మంటితో గప్పి త్రొక్కవలెను. రోమములు తగిలిన దద్దురులు లేచును గాన, పురుగును చేత బట్టక పుల్లతో దీయవలెను.