వందమందిని కాపాడిన భూగోళం పాఠం

"మాస్టారూ, ఈ పాఠం మాకెందుకు పనికొస్తుందండీ?"

ప్రతి ఏడూ ఏదో ఒక తరగతిలో ఎవరో ఒక విద్యార్థి ఈ ప్రశ్న వేస్తూనే ఉంటాడు. నిజానికి అది మంచి ప్రశ్నే. దానికి జవాబుగా నేను చెప్పే కథ ఒకటుంది. ఇది కల్పించిన కథ కాదు, జరిగిన సంగతి.

ఇంగ్లండులో సర్రే అనే ప్రాంతానికి చెందిన టిల్లీ స్మిత్ అనే అమ్మాయికి 2004లో పదేళ్లు. ఆ డిసెంబరులో క్రిస్మస్ సెలవులు గడపడానికి అమ్మ, నాన్న, ఏడేళ్ల చెల్లెలితో కలిసి థాయిలాండ్ వెళ్లింది. డిసెంబరులో ఇంగ్లండులో ఎముకలు కొరికే చలి. థాయిలాండ్‌లోని ఫుకెట్ ద్వీపమో, భూమధ్యరేఖకు 8 డిగ్రీలే ఉత్తరాన ఉన్న ఉష్ణమండల ప్రదేశం. వెచ్చని ఎండ, కొబ్బరిచెట్లు, నీలి సముద్రం. చలిదేశాల వారు పిల్లలతో అక్కడికి విహారానికి రావడం మామూలే.

డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆ కుటుంబం మై ఖావో అనే బీచిలో నడుస్తోంది. టిల్లీకి సముద్రం వింతగా కనిపించింది. మామూలుగా అల వస్తుంది, వెనక్కి పోతుంది. ఆ రోజు నీరు వెనక్కి పోకుండా ముందుకే వస్తోంది. ఇసుక మేర తగ్గిపోతోంది. నీటిమీద బుడగలు, నురగ! అన్నం ఉడుకుతుంటే గంజి పొంగినట్లుగా ఉంది.

సుమారు రెండు వారాల క్రితం బడిలో ఆండ్రూ కియర్నీ అనే భూగోళం ఉపాధ్యాయుడు సునామీ పాఠం చెప్పారు. 1946లో హవాయి దీవులను ముంచిన సునామీ ఫిల్ము కూడా చూపించారు. టిల్లీకి అది గుర్తుకొచ్చింది. సునామీ వస్తోందని అమ్మతో చెప్పింది. అమ్మ మొదట నమ్మలేదు. ఎండ కాస్తోంది, గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. ఎవరు నమ్ముతారు చెప్పండి! కాని టిల్లీ ఊరుకోలేదు. మళ్లీ మళ్లీ చెప్పింది, గట్టిగా అరిచింది. చివరకు తండ్రి హోటలు కాపలాదారుకు విషయం చెప్పాడు. బీచిలో ఉన్న సుమారు వందమందిని ఖాళీ చేయించారు. కొద్ది నిమిషాల్లోనే సునామీ వచ్చి పడింది. ఆ బీచిలో ఒక్కరు కూడా చనిపోలేదు.

ఆ రోజు హిందూ మహాసముద్రం చుట్టూ 14 దేశాలలో 2 లక్షల 20 వేల మందికి పైగా మరణించారు. ఒక్క థాయిలాండ్‌లోనే 5 వేలమందికి పైగా పోయారు. మన ఆంధ్ర తీరంలో కూడా వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఇంతకూ టిల్లీ నేర్చుకున్న ఆ పాఠమేమిటి? మనమూ నేర్చుకుందాం.

సముద్రం అడుగున ఏం జరిగింది?

ఆ ఉదయం మన గడియారం ప్రకారం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవికి పశ్చిమాన, సముద్రం అడుగున 9.1 పరిమాణం గల భూకంపం వచ్చింది. అప్పుడు ఫుకెట్‌లో సమయం 7 గంటల 59 నిమిషాలు.

భూమి పైపొర ఒకే ముక్క కాదనీ, పలు ఫలకాలుగా ఉందనీ మీరు చదువుకున్నారు. సుమత్రా, అండమాన్ దీవుల దగ్గర భారత ఫలకం నెమ్మదిగా బర్మా ఫలకం కిందికి దూరుతూ ఉంటుంది. రెండు ఫలకాల అంచులు రాపిడివల్ల బిగుసుకుపోతాయి. కింది ఫలకం లోపలికి పోతుంటే, పైఫలకం అంచు దానితోపాటు వందల ఏళ్లు వంగుతూ పోతుంది. మీ ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున పట్టుకుని కిందికి వంచండి. వేలు తీయగానే ఏమవుతుంది? టప్పున పైకి లేస్తుంది. పైఫలకం అంచు కూడా ఆ రోజు అలాగే లేచింది. చీలిక ఉత్తరంగా 1200 కిలోమీటర్లకు పైగా పాకింది. హైదరాబాదు నుంచి ఢిల్లీ ఎంత దూరమో దాదాపు అంత! ఇదంతా సుమారు పది నిమిషాలలో జరిగిపోయింది.

అడుగు భాగం కొన్ని మీటర్లు పైకి లేస్తే దానిపైనున్న నీరంతా పైకి లేవాలి కదా! ఆ నీరు తిరిగి సమతలానికి రావడానికి రెండు పక్కలకూ పరుగు తీస్తుంది. అదే సునామీ. ఇది జపాను మాట. 'త్సు' అంటే రేవు, 'నామీ' అంటే అల. నడిసముద్రంలో చేపలు పట్టే బెస్తవారికి ఏ తేడా తెలియదు. ఇంటికి తిరిగి వచ్చి చూస్తే రేవు ధ్వంసమై ఉంటుంది. అందుకే 'రేవు అల' అన్నారు.

మామూలు అల వేరు, సునామీ వేరు

మనం రోజూ చూసే కెరటాలను పుట్టించేది గాలి. అవి పైనీటిని మాత్రమే కదిలిస్తాయి. కొన్ని పదుల మీటర్ల లోతుకు దిగితే నీరు నిశ్చలంగానే ఉంటుంది. సునామీలో అడుగునుంచి పైదాకా నీరంతా కదులుతుంది. మామూలు కెరటం తరంగదైర్ఘ్యం కొన్ని పదుల మీటర్లనుంచి వంద, రెండువందల మీటర్ల దాకా ఉంటే, నడిసముద్రంలో సునామీది వందల కిలోమీటర్లు ఉండవచ్చు. అందుకే అది ఒడ్డుకు వచ్చినప్పుడు కెరటంలా విరిగి వెనక్కి పోదు. ఏరు పొంగినట్లు నిమిషాల తరబడి లోపలికి వస్తూనే ఉంటుంది. టిల్లీ గమనించినది ఇదే.

మన ప్రాంతంలో చాలామంది సునామీని ఉప్పెన అనుకుంటారు. రెండూ ఒకటి కావు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. తుపాను గాలి సముద్రపు నీటిని ఒడ్డుకు నెట్టడంవల్ల అది వస్తుంది. తుపాను రాకను ముందురోజే గాలి, మబ్బు చెబుతాయి. సునామీ ఎండ కాస్తుండగానే రావచ్చు.

వేగం లెక్క

సునామీ వేగం నీటిలోతుమీద ఆధారపడి ఉంటుంది. సూత్రం ఇది:

వేగం = √(గురుత్వ త్వరణం × లోతు)

గురుత్వ త్వరణం 9.8 అని మీకు తెలుసు. 4000 మీటర్ల లోతున్న చోట 9.8 × 4000 = 39,200. దీని వర్గమూలం సుమారు 198. అంటే సెకనుకు 198 మీటర్లు. గంటకు 700 కిలోమీటర్లు దాటింది, దాదాపు జెట్ విమానం వేగం! మిగిలిన లోతులకు కూడా చూడండి:

లోతు 1000 మీటర్లు: గంటకు సుమారు 356 కి.మీ.
లోతు 50 మీటర్లు: గంటకు సుమారు 80 కి.మీ.
లోతు 10 మీటర్లు: గంటకు సుమారు 36 కి.మీ.

ఒడ్డు దగ్గరపడే కొద్దీ అల నెమ్మదిస్తుంది. ముందుభాగం నెమ్మదించినా, ఇంకా లోతు నీటిలోనే ఉన్న వెనుకభాగం వేగంగా వస్తూనే ఉంటుంది. బడి గంట కొట్టగానే గేటు దగ్గర ఏమవుతుందో మీకు తెలుసు. ముందున్నవారు ఆగితే వెనుకవారు వచ్చి మీద పడతారు. అలాగే తరంగంలోని శక్తి అంతా తక్కువ దూరంలోకి ఒత్తుకుని, నీరు ఎత్తుగా లేస్తుంది. భూకంపం వచ్చిన సుమారు రెండు గంటలకు జేసన్-1 అనే ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీదుగా పోతూ ఈ తరంగాన్ని కొలిచింది. నడిసముద్రంలో దాని ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు మాత్రమే! అదే తరంగం ఒడ్డు చేరేసరికి ఎన్నోచోట్ల ఇళ్లను మించిపోయింది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. భూకంప కేంద్రం నుంచి ఫుకెట్ సుమారు 600 కిలోమీటర్లు. చెన్నై సుమారు 2000 కిలోమీటర్లు. సునామీ ఫుకెట్ చేరడానికి సుమారు 2 గంటలు పట్టింది. చెన్నైకి మాత్రం రెండున్నర గంటలే! ఎందుకని? రెండు కారణాలు. ఒకటి, చీలిక ఉత్తరంగా పాకడంతో అల చెన్నైకి మరింత దగ్గరనుంచే బయలుదేరింది. రెండోది ముఖ్యమైనది. బంగాళాఖాతం లోతైనది. థాయిలాండ్ వైపు సముద్రం ఒడ్డుకు చాలా దూరంనుంచే లోతు తక్కువ. లోతు తక్కువైతే వేగం తక్కువ, అంతే.

సముద్రం ముందుగా వెనక్కి పోతుందా?

ఫుకెట్‌లో పలు బీచీలలో ఆ రోజు సునామీకి ముందు సముద్రం చాలా దూరం వెనక్కి పోయింది. అడుగున పడి కొట్టుకుంటున్న చేపలను చూడటానికి జనం సరదాగా లోపలికి నడిచారు. వారిలో ఎందరో తిరిగి రాలేదు.

నీరెందుకు వెనక్కి పోయింది? తరంగానికి శృంగం, ద్రోణి రెండూ ఉంటాయి. చీలికకు పడమటి వైపు సముద్రం అడుగు పైకి లేచింది. తూర్పు వైపు కుంగింది. అందువల్ల తూర్పున ఉన్న థాయిలాండ్‌కు ముందుగా ద్రోణి చేరింది. నీరు వెనక్కి పోయింది. పడమట ఉన్న మన తీరానికి, శ్రీలంకకు ముందుగా శృంగం చేరింది. అంటే నీరు ముందే వెనక్కి పోలేదు, నేరుగా పైకి వచ్చింది.

ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. "నీరు వెనక్కి పోతేనే సునామీ" అని ఎదురుచూడకూడదు. వెనక్కి పోయినా, తగ్గకుండా ముందుకు వచ్చినా, నురగలు పొంగినా, సముద్రం తన మామూలు పద్ధతి తప్పిందంటే అదే హెచ్చరిక.

పుస్తకాలు చదవనివారు కూడా ఈ పాఠం నేర్చారు. థాయిలాండ్‌లోని సురిన్ దీవులలో మోకెన్ అనే సముద్ర సంచారులు ఉంటారు. మనుషులను మింగే పెద్ద అల గురించి వారి పెద్దలు కథలు చెబుతూ వచ్చారు. ఆ రోజు నీరు వెనక్కి పోవడం చూడగానే వారు గుట్ట ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు.

హైదరాబాదులో సముద్రపు కావలి

1946 సునామీ హవాయిలో సుమారు 160 మందిని బలి తీసుకున్నాక, 1949లో అక్కడ పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. 2004 నాటికి హిందూ మహాసముద్రానికి అలాంటి ఏర్పాటు లేదు. అల మన తీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టినా, చెప్పేవారు లేకపోయారు. ఆ రోజు పౌర్ణమి కావడంతో సముద్రస్నానానికి వచ్చినవారు కూడా చిక్కుకున్నారు.

ఇప్పుడా లోటు తీరింది. 2007 అక్టోబరులో మన సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో మొదలైంది. హైదరాబాదుకు సముద్రం లేకపోయినా, హిందూ మహాసముద్రమంతటికీ కావలి కాసే కేంద్రాలలో ఒకటి అక్కడే ఉంది. భూకంపమాపకాలు కంపాన్ని పసిగడతాయి. సముద్రం అడుగున ఉంచిన పీడనమాపకాలు పైనున్న నీటి బరువులో వచ్చే చిన్న తేడాను కూడా కనిపెట్టి, తేలే బోయాల ద్వారా ఉపగ్రహానికి చెబుతాయి.

ప్రతి పెద్ద భూకంపమూ సునామీ తేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 పరిమాణంతో భూకంపం వచ్చింది. కాని పెద్ద సునామీ రాలేదు. అప్పుడు ఫలకాలు పైకీ కిందికీ కాక, ప్రధానంగా పక్కకు జరిగాయి. అడుగు పైకి లేవకపోతే నీరు ఎందుకు లేస్తుంది?

మీరు తీరంలో ఉంటే

1. నేల గట్టిగా గాని, ఎక్కువసేపు గాని కంపిస్తే హెచ్చరిక కోసం ఆగకండి. వెంటనే మెరక ప్రదేశానికి పరుగెత్తండి.

2. సముద్రం వింతగా కనిపించినా, పెద్ద హోరు వినిపించినా అంతే. గుట్ట లేకపోతే గట్టి కాంక్రీటు భవనంలో మూడో అంతస్తు, ఆపైకి ఎక్కండి.

3. మొదటి అల పోయిందని కిందికి దిగకండి. తరువాతి అల ఇంకా పెద్దది కావచ్చు. అలలు గంటల తరబడి వస్తుంటాయి. అధికారులు చెప్పాకే దిగాలి.

4. పెద్దలకు చెప్పండి. వినకపోతే మళ్లీ చెప్పండి. టిల్లీ ఒక్కసారి చెప్పి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

చేసి చూడండి

అడుగు చదునుగా ఉండి, అంచులు ఆరేడు సెంటీమీటర్లున్న పొడవాటి రేకు ట్రే తీసుకోండి. 60 సెంటీమీటర్ల పొడవుంటే మంచిది. 1 సెంటీమీటరు లోతు నీరు పోయండి. ఒక చివర కొద్దిగా ఎత్తి మెల్లగా దించండి. అల అటూ ఇటూ పోతుంది. అది మూడుసార్లు ట్రే పొడవు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వాచీలో చూడండి. తరువాత 4 సెంటీమీటర్ల లోతు నీటితో మళ్లీ చేయండి. మొదటిసారి సుమారు 6 సెకన్లు, రెండోసారి సుమారు 3 సెకన్లు రావాలి. లోతు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లే ఎందుకైందో సూత్రంలో వెతకండి.

ఆలోచించండి

1. 2500 మీటర్ల లోతులో సునామీ గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుంది?

2. సునామీ హెచ్చరిక వచ్చినప్పుడు లోతైన సముద్రంలో ఉన్న పడవవారు రేవుకు రావడం మంచిదా, అక్కడే ఉండటం మంచిదా? ఎందుకు?

3. మీ ఊరు తీరంలో ఉంటే, బడినుంచి నడిచి చేరగల మెరక ప్రదేశం ఏది? ఎన్ని నిమిషాలు పడుతుంది? ఈ జవాబు పుస్తకంలో దొరకదు. నడిచి, గడియారం చూసి రాయండి.