శిశువులలో ఆటిజం పరీక్ష – చేరదీసిన మూగజీవుల పట్ల బాధ్యత

ఆటిజం అంటువ్యాధి కాదు. తల్లి పెంపకంలోని లోపమూ కాదు. మెదడు ఎదుగుదలలోనే ఏర్పడే ఒక భేదం. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల ప్రవర్తనను సవివరంగా వర్ణించిన నాటి నుండి వైద్యశాస్త్రంలో దీనికి ప్రత్యేక స్థానం లభించింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదీ ఒకటి.

రక్తపరీక్షతో గాని, స్కానింగుతో గాని ఆటిజం తేలదు. బిడ్డను చూచి, ఆడించి, తల్లిదండ్రులను ప్రశ్నించి నిర్ణయించవలసిందే. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నర వచ్చినా కావలసిన వస్తువును వ్రేలితో చూపకపోవడం, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలుకకపోవడం, వచ్చిన మాటలు పోవడం – ఇట్టివి కనిపించిన వెంటనే వైద్యుని సంప్రదించాలి. ముందుగా వినికిడి పరీక్ష చేయిస్తారు. చెవుడున్న బిడ్డ కూడ పిలుపుకు పలుకడు గదా!

మన అలియాబాద్, శామీర్‌పేట ప్రాంతపు ఇళ్లలో ఈ సంప్రదింపునకు అడ్డువచ్చే మాట ఒకటి కలదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు; ఇన్ని భాషల నడుమ పిల్లవాడు తికమకపడుతున్నాడు, కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది అంటారు పెద్దలు. రెండు భాషలు వినడం వలన ఆటిజం రాదు. ఆటిజం ఉన్న పిల్లలకు సైతం రెండవ భాష వలన మాట మరింత వెనుకబడదని పరిశోధనలు తెలుపుతున్నాయి. నానీ వద్ద ‘పానీ’ అని, పొరుగింట ‘పాలు’ అని అనగల బిడ్డకు రెండు మాటలు వచ్చినట్లే లెక్క. ఇక వ్రేలితో చూపడానికి, తల్లి చూపును అనుసరించి చూడడానికి ఏ భాషా అవసరం లేదు. ఆ చేష్టలే లోపించినప్పుడు భాషల మీద నెపం వేసి కాలం గడపడం బిడ్డకు అన్యాయం. ఇంట్లో ఉర్దూ మానివేయండని సలహా ఇవ్వడం అంతకంటె అన్యాయం. బిడ్డతో మనసారా మాట్లాడే భాషనే తల్లి నోట లేకుండా చేసినట్లవుతుంది.

పరీక్షకు దూరదేశం పోనవసరం లేదు. రాజీవ్ రహదారి మీదుగా సికింద్రాబాదు చేరితే మనోవికాస్ నగర్‌లో, 1984లో నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ కలదు. నేడు దానిని ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని వ్యవహరిస్తున్నారు. ఐ.ఎస్.ఎ.ఎ. అనే భారతీయ కొలమానం ఈ సంస్థ కృషి ఫలితమే. అందులో 40 అంశాలు. ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేదని, 106 వరకు స్వల్పమని, 153 వరకు మధ్యస్థమని, ఆపైన తీవ్రమని భావిస్తారు. ధ్రువపత్రాల జారీకి దీనినే అనుసరించవలెనని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రకటించింది.

మొత్తం అంకెను చూచి దిగులుపడే తల్లిదండ్రులు దాని వెనుకనున్న వివరాలను తరచుగా పట్టించుకోరు. శబ్దానికి, స్పర్శకు బిడ్డ ఎట్లు స్పందిస్తున్నాడో కూడ ఆ కొలమానం నమోదు చేస్తుంది. ఇంటికి పిల్లినో కుక్కనో తెచ్చే ముందు చూడవలసిన పుట అదే.

ఏమనగా, ‘ఒక కుక్కపిల్లను పెంచండి, వానికి మాటలు వస్తాయి’ అని చెప్పేవారు నేడు ఎందరో. మూగజీవి ఔషధం కాదు. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం వారు ఆశ్రయకేంద్రాల నుండి సాధుస్వభావం గల పిల్లులను ఎంపిక చేసి, ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లకు ఇచ్చి పరిశీలించగా పిల్లలలో సానుభూతి పెరిగినట్లు కనుగొన్నారు. పరిశీలించిన కుటుంబాలు కొద్ది. పైగా అవి ఏరి తెచ్చిన పిల్లులు. మొరుగుడు వినగానే చెవులు మూసుకొనే బిడ్డ ఇంట, వీధిలో దెబ్బలు తిని బెదరిన కుక్కను కట్టివేస్తే ఇద్దరికీ బాధయే. కుక్కను ఇంటిలో ఉంచడానికి సంకోచించే మన కుటుంబాలకు పిల్లి అనువైనది కావచ్చు. ఐనా ముందు కొన్నిసార్లు బిడ్డను తీసుకొనిపోయి దానిని చూపించి, ఆపైన నిర్ణయించుట మేలు.

తెచ్చిన తరువాత పదేళ్లు, అంతకు మించియు అది మన ఇంటి ప్రాణి. మూడవ నెలలో రేబిస్ టీకా, తిరిగి ఏటేటా మరొకటి. నులిపురుగుల మందు, సంతాన నిరోధక శస్త్రచికిత్స – ఈ ఖర్చులు ముందే లెక్కవేసుకోవాలి. పిల్లవానికి విసుగు పుట్టిందని ఆకలిదప్పులకు వదలివేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం నేరం. మేత, నీరు, శుభ్రత పెద్దల పని. వాటిలో ఒక చిన్న పనిని, గిన్నెలో నీరు పోయడం వంటిదానిని, బొమ్మ గీసి చూపి బిడ్డకు అప్పగించవచ్చు.

మరొక జాగ్రత్త. మాట రాని బిడ్డ తనను కరచినట్లు చెప్పలేడు. అందుచేత ప్రతిదినం స్నానం చేయించేటప్పుడు చేతులు, కాళ్లు, ముఖం పరిశీలించాలి. గాటు కనిపిస్తే 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి, టీకా వేసిన జంతువే గదా అని ఉపేక్షింపక, అదే దినం ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.