పెట్రోలు టాంకులో పంపు ఎందుకు?

హనుమకొండ, వరంగల్ వీధుల్లో తిరిగే పాత మోటారుసైకిళ్ళలో పెట్రోలు తన బరువుతోనే కార్బ్యురేటరులోకి దిగుతుంది. అడుగు ఎత్తు పెట్రోలు కలిగించే పీడనం బారులో 1/40 వంతుకు లోపే. కాని ఇంజెక్టరు దాన్ని తుంపరగా చిమ్మాలంటే సుమారు 3 బార్లు కావాలి! అందుకే పాత బండికి ఇంజెక్షన్ పద్ధతి అమర్చేటప్పుడు విద్యుత్ పంపు కూడా పెట్టాలి.

సగం నీళ్ళున్న సీసాను అడ్డంగా పట్టుకొని నడుస్తూ, చప్పున ఆగండి. నీరు ముందుకు ఎగబాకుతుంది, ఇదే జడత్వం. బ్రేకు వేస్తే టాంకులోనూ ఇంతే. అప్పుడు పంపు గాలి పీలిస్తే ఇంజను ఆగిపోతుంది. కనుక పంపు చుట్టూ ఎప్పుడూ పెట్రోలు నిలిచేలా చిన్న గిన్నె అమర్చుతారు.

ప్లాస్టిక్ టాంకుకు రంధ్రం చేయడం నిపుణుల పని. ఖాళీ టాంకులో పెట్రోలు ఆవిరి గాలితో కలిసి ఉంటుంది. రాపిడివల్ల పుట్టిన విద్యుదావేశం ప్లాస్టిక్ మీదే నిలిచిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు! మీ ప్రయోగం నీళ్ళ సీసాతోనే సుమా!